తాళం వేసిన తొట్టెల రూం

పోయిన నెల పింఛను పనిమీద మా మనవరాలు నన్ను కరీంనగర్‌లో ఒక సర్కారు ఆఫీసుకు తీసుకువెళ్లింది. మెట్లెక్కే ఓపిక లేదని నన్ను కింద బెంచీ మీద కూర్చోబెట్టి తను పైకి పోయింది. ఎదురుగా ఒక గది తలుపు బార్లా తీసి ఉంది. గోడలకు పసుపు రంగు, దాని మీద ఏనుగులు, చిలుకలు, కింద మెత్తటి చాప, చాప మీద బోర్లా పడుకుని నిద్రపోతున్న ఒక పసిపిల్ల. పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయా చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటోంది. ఇదేం గది బిడ్డా అని అడిగితే, ఇక్కడ పనిచేసే ఆడవాళ్ల పిల్లల కోసం అవ్వా, చట్టం ఉంది కదా అని చెప్పి మళ్లీ తన చిక్కుళ్లలో పడిపోయింది. చట్టం ఉంది కదా అనే మాట ఆ అమ్మాయి నోట ఎంతో సులువుగా వచ్చింది. మనవరాలు కిందికి వచ్చేసరికి నా కొంగు తడిసిపోయి ఉంది. ఎందుకని తను అడిగితే చెప్పలేకపోయాను. నా ఈడు వాళ్లు ఎవరైనా చదువుతారేమోనని ఇక్కడ చెబుతున్నాను.

మాది సుల్తానాబాద్ దగ్గర నేతపని చేసుకునే ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చుంటే మా తల్లి నూలు కండెలు చుట్టేది. చేతి మగ్గానికి గిరాకీ తగ్గుతున్న రోజులవి. మా అన్న మగ్గం వదిలేసి, ఆదిలాబాద్ దిక్కున పత్తి పండే ఒక చిన్న ఊళ్లో సర్కారువాళ్లు నడిపే జిన్నింగు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. పత్తి నుంచి గింజను వేరుచేసి, దూదిని బేళ్లుగా కట్టే ఫ్యాక్టరీ అది. దసరా పోయాక మిషన్లు మొదలైతే హోళీ దాటేదాకా ఆగేవి కావు. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు అక్కడే పనిచేసేవాళ్లు. పెళ్లయి వచ్చిన ఏడాదే మా వదిన కూడా అక్కడ పత్తి మోసే గంప ఎత్తుకుంది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, ఫ్యాక్టరీల చట్టాన్ని సర్కారు ఫ్యాక్టరీలు కూడా తప్పకుండా పాటించాలని పైనుంచి గట్టిగా తాకీదులు రావడం మొదలైంది. యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్ల పసిపిల్లలకు ఒక గది ఉండాలి, అందులో ఊయలలు ఉండాలి, పిల్లలను చూసుకోవడం నేర్చుకున్న ఆడమనిషి ఉండాలి. నేను ఏడో తరగతి పాసై, కరీంనగర్ సర్కారు దవాఖానలో పిల్లల సాకుడు నేర్పే తరగతికి వెళ్లి వచ్చి ఖాళీగా ఉన్నాను. అన్న ఆ సంగతి చెవిన వేయగానే నాకు ఆ కొలువు దొరికింది. మా వాడకట్టులో సర్కారు నౌకరీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. బస్సెక్కించడానికి వచ్చిన బాపు తలగుడ్డ సర్దుకుంటూ నిలబడడం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఆయనకు అది గర్వమో బెంగో నాకు ఎన్నడూ తెలియలేదు.

గది నిజంగానే బాగుండేది. కొత్త పెంకులు, సున్నం కొట్టిన గోడలు, వరుసగా ఇనుప గొలుసులకు వేలాడే కర్ర ఊయలలు. ఊయలను మా దిక్కు తొట్టెల అంటారు, ఆడవాళ్లందరూ ఆ గదిని తొట్టెల రూం అనేవాళ్లు. నేను చేరిన వారంలోనే పత్తి జోరుగా రావడం మొదలై, బేళ్లకు చుట్టే గోనెపట్టాలు పెట్టడానికి చోటు లేదని వాటిని ఆ గదిలో నింపి తాళం వేశారు. నన్ను మేనేజరు గారి బంగళాకు పంపారు. ఆయన భార్యకు కాన్పు తర్వాత ఒంట్లో బాగుండలేదు, వాళ్ల కొడుకును చూసే మనిషి లేదు. ఆయన దుర్మార్గుడని ఈరోజుకీ అనలేను. పొద్దున పూట ఆమె గదిలోకి కాఫీ తనే తీసుకుపోయేవాడు. నాలుగు రోజులేనమ్మా అన్నాడు. ఆ నాలుగు రోజులు ఆ సీజనంతా సాగాయి.

చట్టంలోని ముఖ్యమైన సంగతులు అచ్చువేసిన పెద్ద కాగితం గేటు దగ్గర గోడకు అంటించి ఉండేది. ఇంగ్లీషులో ఒకటి, ఉర్దూలో ఒకటి. దాని కింద నుంచే ఆడవాళ్లు చంకన పిల్లలను వేసుకుని లోపలికి వెళ్లేవాళ్లు. చట్టం అమలు చూసే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ముందుగా తెలిసేది. ఆ రోజు గోనెపట్టాలు మరో షెడ్డులోకి పోయేవి, నేను బంగళా నుంచి గదికి వచ్చేదాన్ని. తల తడిపి దువ్వి, పౌడరు రాసిన నలుగురైదుగురు పిల్లలను ఊయలల్లో వేసేవాళ్లం. ఆయన చూసి సంతోషించి వెళ్లగానే గోనెపట్టాలు తిరిగి వచ్చేవి. ఊయల రుచి తెలిసిన పిల్లలు ఆ సాయంత్రమంతా ఏడ్చేవాళ్లు.

మిగతా రోజుల్లో పిల్లలు ఎక్కడుండేవాళ్లంటే, పత్తి మీద. జిన్ను షెడ్డులో ఒక పక్క విడిపత్తి కుప్పలుగా పోసి ఉండేది. తల్లులు ఆ కుప్పల అంచున చేత్తో గుంట చేసి, పాత చీర పరిచి, పిల్లలను అందులో పడుకోబెట్టి పనికి పోయేవాళ్లు. అంతకన్నా మెత్తని పడక ఆ ఊళ్లో ఏ ఇంట్లోనూ లేదు. అన్నావదినల కూతురు, నా మేనకోడలు, అప్పటికి ఇంకా పాకడం కూడా నేర్వలేదు. బొద్దుగా, చేతుల మీద మడతలతో ఉండేది. బంగళాలో పరాయి పిల్లాడిని జోకొడుతూ, నా అన్న బిడ్డ ఆ దుమ్ములో దగ్గుతూ పడుకుందన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నా చెయ్యి ఆగిపోయేది. రెండుసార్లు వెళ్లి తాళంచెవి అడిగాను. సీజను అయిపోనీ అన్నాడు మేనేజరు. మూడోసారి అడగబోతే అన్న వద్దన్నాడు.

మాఘమాసంలో ఒకనాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలి లేచింది. బయట ఆవరణలో పత్తి బండ్లు బారుగా నిలబడి ఉన్నాయి. తడిస్తే సర్కారు సొమ్ము పాడవుతుందని అందరూ పరుగులు పెట్టారు. బండ్లను వెనక్కి తిప్పి షెడ్డులోకి నెట్టి, ఉన్న కుప్పల మీదనే ఒకదాని వెనుక ఒకటి ఒంపేశారు. ఒంపినవాళ్లకు లోపల చీకట్లో ఏమీ కనిపించలేదు. మిషన్ల మోతలో ఏమీ వినిపించలేదు కూడా. మిగతా తల్లులు గాలి లేవగానే వచ్చి తమ పిల్లలను ఎత్తుకుపోయారు. వదినను మాత్రం ఆ సమయానికి బయట ఆరబోసిన పత్తి ఎత్తడానికి తరిమారు.

వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది. పాలివ్వడానికి వదిన లోపలికి వచ్చేసరికి కుప్ప ఆకారమే మారిపోయి ఉంది. ఎవరో ఎత్తుకుని ఉంటారనుకుని మొదట నవ్వుతూనే ఒక్కొక్కరినీ అడిగిందట. ఆ తర్వాత అడగడం మానేసి రెండు చేతులతో పత్తి తోడడం మొదలుపెట్టిందట.

బంగళాలో ఉన్న నాకు మిషన్లు ఆగిపోవడం వినిపించింది. పగటి పూట అవి అలా ఆగిపోవడం నేను అంతకుముందు ఎరగను. మేనేజరు గారి కొడుకు నా చంకనే ఉన్నాడు, వాడిని దింపాలని కూడా తోచక అలాగే పరుగెత్తాను. షెడ్డులో ఆడామగా అందరూ మోకాళ్ల మీద ఉండి పత్తిని వెనక్కి విసురుతున్నారు. తెల్లటి దూది గాల్లో లేచి అందరి తలల మీద, రెప్పల మీద వాలుతోంది. పాత చీర కొంగు ముందుగా దొరికింది. పిల్ల ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. నిద్రపోతున్నట్టే ఉంది. వదిన దాని ముక్కులోంచి, నోట్లోంచి దూది పోగులు ఒక్కొక్కటీ తీసి, చంపలు తుడిచి, రైక ముడి విప్పి పాలివ్వబోయింది. అప్పుడు మా అన్న వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు.

విచారణకు ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసిన రోజు మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిపించాడు. ఆయన కూడా నిద్రలేక నల్లబడి ఉన్నాడు. కూర్చోమన్నాడు, నేను కూర్చోలేదు.

"గది తెరిచే ఉండె, తల్లే పిల్లను తీసుకురాలేదు అని రెండు మాటలు చెప్పమ్మా. పోయిన పిల్ల ఎట్లాగూ రాదు. మీ అన్న ఇక్కడే పనిచేస్తున్నాడు, నువ్వూ చేస్తున్నవ్. జర ఆలోచించు" అన్నాడు.

ఆయన గొంతులో బెదిరింపు కన్నా బతిమాలడమే ఎక్కువ ఉంది. అందుకే అది నన్ను మరీ భయపెట్టింది. ఇంటికి వచ్చి ఆ మాట అన్నకూ వదినకూ చెప్పాను. సుల్తానాబాద్‌లో బాపు మగ్గం అప్పటికే ఆగిపోయింది, అన్న పంపేదానితోనే ఆ ఇల్లు నడుస్తోంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ముందుగా అన్నే మాట్లాడాడు.

"నువ్వేం చెప్తవో నీ ఇష్టం చెల్లె. నా నౌకరీ ఫికర్ పెట్టుకోకు."

వదిన గోడకు ఆనుకుని ఉంది. పాలు ఇంకిపోవడానికి గుడ్డతో బిగించి కట్టుకున్న రొమ్ములు సలుపుతున్నాయేమో, మాట మాటకూ కళ్లు మూసుకుంటోంది.

"పిల్లను నేను తెచ్చిన. పత్తి జోరైన మొదటి దినమే తొట్టెల రూం కాడికి తెచ్చిన. తాళం జూసి మళ్లిపోయిన. గంతే చెప్పు. నా మీద మాత్రం పడనియ్యకు" అంది.

మరునాడు మేనేజరు పక్కనే కూర్చుని ఉండగా ఇన్‌స్పెక్టరు ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోనెపట్టాల సంగతి, బంగళా సంగతి, ఆయన వచ్చినప్పుడల్లా మేము పౌడరు రాసిన సంగతి. ఆ చివరి మాట విన్నప్పుడు ఇన్‌స్పెక్టరు రాస్తున్న కలం ఆపాడు. పాపం, ఆయనకూ కొత్తగా తెలిసిందో, తెలిసే ఉండిందో. వదిన మీద తప్పు పడలేదు. నేను సాధించింది అదొక్కటే. మేనేజరును వేరే జిల్లాకు మార్చారు. పిల్ల పోయినందుకు ఏమైనా ఇస్తారా అని ఆడవాళ్లు అడిగితే, పనిచేసేవాళ్లకు దెబ్బ తగిలితే చట్టంలో దారి ఉంది గాని పిల్ల కూలి కాదు కదా అన్నారు.

గది తాళం తీశారు. హోళీ దాకా, ఉన్న ఆ కొద్ది వారాలు, ఊయలలన్నీ నిండి ఉండేవి. నేను పిల్లలకు నీళ్లు పోసేదాన్ని, గంజి పట్టేదాన్ని, ఒక్కో తల్లి వచ్చి పాలిచ్చి వెళుతుంటే తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. వదిన పనిలోకి తిరిగి వచ్చింది గాని ఆ గది వైపు తల తిప్పేది కాదు.

మళ్లీ దసరాకు మిషన్లు మొదలయ్యేనాటికి కొత్త మేనేజరు వచ్చి ఉన్నాడు. గేటు దగ్గర పేర్లు పిలిచారు. పిలిచినవాళ్లు లోపలికి పోగా, చాలామంది ఆడవాళ్లు బయటే మిగిలిపోయారు. ఫ్యాక్టరీ హాజరు పట్టీలో ఆడవాళ్లు యాభై మందికి లోపే ఉండాలని నిర్ణయమైందట. మిగతా పనిని ఒక గుత్తేదారుకు ఇచ్చారు, వాడి కింద పనిచేసేవాళ్లు ఫ్యాక్టరీ మనుషులు కాదట. అప్పుడిక చట్ట ప్రకారమే ఊయలల గది అక్కర్లేదు, చట్ట ప్రకారమే ఆయా అక్కర్లేదు. ఎవరూ కోపంగా మాట్లాడలేదు. నా చేతికి ఆర్డరు ఇచ్చిన గుమాస్తా, అంతా రూల్ ప్రకారమే ఉందమ్మా అని మెల్లగా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు వచ్చినా తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. వదిన పేరు కూడా పిలవలేదు. బయట మిగిలిన ఆడవాళ్లలో కొందరు ఆ వారంలోనే గుత్తేదారు దగ్గర చేరి, చంకన పిల్లలతో అదే షెడ్డులోకి, అవే కుప్పల దగ్గరకు వెళ్లారు. నా వైపు చూసిన ఒకరిద్దరి చూపుల్లో నిష్ఠూరం ఉంది. నిజం చెప్పి మా కూడు చెడగొట్టినవు అని వాళ్లు నోరు తెరిచి అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

అన్న మరి ఆ ఊళ్లో ఉండలేకపోయాడు. ముగ్గురం సుల్తానాబాద్ వచ్చేశాం. తర్వాత నాకు పెద్దపల్లిలో పెళ్లయింది, అన్న ఒక రైస్ మిల్లులో చేరాడు, వదినకు ఇద్దరు మగపిల్లలు కలిగారు. రోజులు అందరికీ నడిచినట్టే మాకూ నడిచాయి. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడి, ఆ జాగాలో ఇళ్లు లేచాయని విన్నాను. ఈనాడు పని దగ్గర పిల్లకు పాలివ్వాలని అడగడానికి ఆడవాళ్లు అంతగా జంకడం లేదు, అది మాత్రం నా కళ్లతో చూశాను. గుత్తేదార్ల కింద ఇటుకలూ రాళ్లూ మోసే తల్లుల పిల్లలు చెట్టు కింద చీర ఊయలల్లో ఉండడం కూడా ఈ కళ్లతోనే చూస్తున్నాను.

వదిన పోయి చాలా ఏళ్లయింది. అత్తగారి పక్కన కూర్చుని ఆమె పక్కిళ్ల మగ్గాలకు కూలికి నూలు కండెలు చుట్టేది, బట్టలు ఉతికేది, నూలును ముట్టడానికి వెనకాడేది కాదు. దూదిని మాత్రం ముట్టలేదు. దేవుడి దగ్గర వత్తి కూడా పాత గుడ్డ చింపి చేసుకునేది. ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు మెడ కింద దూది దిండు పెడదామని కొడుకులు ఎంత బతిమాలినా ఒప్పుకోక, మడతపెట్టిన చీర మీదనే తల పెట్టుకుని పడుకుంది. ఎందుకని వాళ్లు నన్ను అడిగారు. వాళ్లకు ఒక అక్క ఉండేదని ఆనాడే, ఆ మంచం పక్కనే, మొదటిసారి చెప్పాను.