తెల్ల దారం కట్టిన సీసా

వాకాడు దగ్గర సముద్రపు పల్లెలో ఉన్న చిన్న ఆసుపత్రిలో నేను స్లైడ్లు చూసేదాన్ని. పిల్లల మలం గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపు కింద ఏలికపాముల గుడ్లు వెతికి నోటుబుక్కులో రాయడం నా పని. గొప్ప పనేం కాదు. అయినా చదువుకున్నదాన్నని నాకు పొగరుండేది.

పాముల మందు నెల్లూరు నుంచి రావాలి. వచ్చినప్పుడు వచ్చినట్టు, రానప్పుడు లేనట్టు. తేనెతో పాములు పోతాయని పల్లెలో అందరూ అనేవాళ్ళు. నిజమో కాదో తేలుద్దామంది డాక్టరమ్మ. సగం మంది పిల్లలకు తేనె, సగం మందికి బెల్లం పాకం, నెల రోజులు పరగడుపున చెంచాడు. తేనె సీసాకు ఎర్ర దారం, పాకం సీసాకు తెల్ల దారం. ఏ దారం దేనికో ఇళ్లలో చెప్పకూడదు. తేనె యానాదులు అడవి నుంచి తెచ్చి ఇచ్చారు. ఎవరికి ఏ సీసా అన్నదానికి డాక్టరమ్మే చీట్లు తీసింది.

ఆ చీట్లలో నా కూతురిదీ ఉంది. దానికప్పుడు నాలుగేళ్ళు. కడుపు ఉబ్బి, కాళ్ళు పుల్లలై, రాత్రిళ్ళు పళ్ళు కొరికేది. దానికి తెల్ల దారం వచ్చింది.

సీసాలు నింపేది నేనే. దాని సీసాకు తెల్ల దారమే కట్టి, లోపల తేనె పోశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా. భయం వేయలేదు. బిడ్డ బాగుపడుతుందన్న ఆశ ఒక్కటే ఉంది.

నెల తర్వాత స్లైడ్లు చూశాను. ఎర్ర దారం వాళ్ళకూ తెల్ల దారం వాళ్ళకూ గుడ్లు ఒకే తీరుగా ఉన్నాయి. నా కూతురికి తగ్గలేదు సరికదా, కాస్త ఎక్కువే కనిపించాయి. ఇళ్లలో ఎలా తాగించారో కనుక్కు రమ్మని డాక్టరమ్మ నన్ను పంపింది.

మొదటి ఇంట్లో వల బాగుచేసుకుంటున్న ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"ఎదురుగా పదిమంది బిడ్డలు నోరు తెరుచుకోని చూస్తా ఉంటే మా బిడ్డకొక్కదానికే పెడతామా అక్కా? దిష్టి తగిలి కడుపునొప్పి రాదా? తలా చెంచా పోసినాం."

ఇంకో నాలుగిళ్ళు తిరిగాను. అన్నిచోట్లా అదే మాట. ఎవరింట్లో సీసా తెరిస్తే ఆ వీధి పిల్లలందరికీ అందులోంచే. పాకం, తేనె అందరి కడుపుల్లోనూ కలిసిపోయాయి.

ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర విసుక్కున్నాను. ఈ జనానికి ఎన్ని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనన్నాను. ఆమె బియ్యం చెరుగుతోంది.

"నేను మాత్రం ఏం చేసినా? పక్కింటి బిడ్డలకీ పెట్టినా. నాలుగు దినాలకే సీసా ఖాళీ అయిపాయ. నువ్వు అరుస్తావని బెల్లం పాకం కాచి పోసి పెట్టినా."

ఆ నాలుగు రోజులు పోను నెలంతా నా బిడ్డ తాగింది చీటీలో వచ్చిన పాకమే. నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు వీధిలో పంచుకున్న సంగతంతా డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నోటుబుక్కు తిరగేసి, "ఇళ్లలో జరిగినదానికి నువ్వేం చేస్తావ్? నీ చేతిలో ఉన్నంతవరకు శుద్ధంగా చేశావు" అంది. ఆ మాట అనకుండా ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో. సీసా సంగతి చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్కో పేజీకి అడ్డంగా గీత కొట్టింది. తేనె పని చేస్తుందో లేదో మాకు చివరికి తెలియలేదు.

తర్వాతి వారం మందు వచ్చింది. మొదటి మోతాదు డాక్టరమ్మ నా కూతురికే ఇచ్చింది. పాములు పడ్డాయి. పక్షం రోజులకు కడుపు దిగి, అన్నం అడిగి తినడం మొదలుపెట్టింది. మళ్ళీ స్లైడు చేసి మూల మూలా వెతికాను. ఒక్క గుడ్డూ లేదు. ప్రాణం లేచొచ్చింది. నోటుబుక్కులో "లేవు" అని రాశాను.

డాక్టరమ్మ వచ్చి ఆ మాట చదివింది. అప్పటిదాకా నేను చూసిన స్లైడును ఆమె మళ్ళీ చూసింది లేదు.

"కొంచెం లే, నేనొకసారి చూస్తాను" అంది.

లేచి పక్కన నిలబడ్డాను.