దాలమ్మగారి దీర్ఘం

దాలమ్మకి రోజూ ఉద్యోగం మానేసే జబ్బు.

పలాస జీడి ఫ్యాక్టరీలో నెల ట్రయల్ మీద సూపర్‌వైజరుగా చేరిన యామినికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటిరోజే దాలమ్మ విరగని గుండుపప్పునీ విడిపోయిన బద్దల్నీ వేరుచేస్తూ తలెత్తకుండా అంది. "అమ్మాయ్, రేపట్నుంచి నాను రాను."

ఫ్యాక్టరీ మొత్తానికి అంత చురుకైన చెయ్యి ఇంకోటి లేదు. ఆ పూట యామినికి అన్నం సయించలేదు.

మర్నాడు గేటు తియ్యకముందే దాలమ్మ మెట్టుమీద కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట నిప్పు కొస నోట్లో.

"రానన్నావు కదా పిన్నీ?"

"రేపు రానన్నాను. ఇది ఇయ్యాల కాదేటి?"

ఓనరు జగదీష్ ఓసారి విశాఖ నుంచి ప్రేరణ గురువుని తెప్పించాడు. "పని బాగా చెయ్యాలంటే లోపలి నిప్పు రగలాలి. అమ్మా, మీ నిప్పెక్కడుంది?"

దాలమ్మ బొడ్లోంచి చుట్ట తీసి చూపించింది. "నోట్లోనే బావూ, అదీ గేటు బైట. జీడిపిక్కల కాడ నిప్పు మాట ఆడకండి, కొంప అంటుకుంతాది."

గురువు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "మరి ఇంత బాగా ఎలా చేస్తున్నారు?"

"రేపు మానేత్తన్నాను గదా. ఆకరిరోజు పేరు సెడగొట్టుకుంతానేటి?"

గురువు నోరు తెరిచాడు, మైకు మూశాడు.

అంతలో కొంప యామినికే అంటుకుంది. నిమ్మాడ పెళ్ళివారు గుండు అడిగితే, లేబుళ్ళు తారుమారై బద్దలు వెళ్ళాయి. పాయసంలో బద్దలు తేలాయి, పెళ్ళివారి పరువు బద్దలైంది. ఫోనులో తిట్లు తిన్న జగదీష్ చెవులు ఎర్రబడ్డాయి.

"రేపట్నుంచి నువ్వు రావద్దు."

'రేపట్నుంచి' అన్న మాట దాలమ్మ నోటినుంచి తప్ప ఇంకెవరినుంచీ వినని యామిని, చేతిలోని లేబుళ్ళు బల్లమీద పెట్టేసింది.

దాలమ్మ చేతులు దులుపుకుని లేచింది. "బావూ, రేపట్నుంచి నానూ రాను."

"నువ్వు రోజూ అనేదే కదా."

"రోజూ నాను అంతాను. ఇయ్యాల నానూ అన్నాను."

జగదీష్ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "యామినీ, ఇకనైనా లేబుళ్ళు చూసుకో. రేపు పెందలాడే రా."

పప్పు ఒలిచే ప్రసన్నలక్ష్మి నవ్వు దాచుకుంటూ యామినికి చెప్పింది. "నాను సేరిన కొత్తలో గుండ్లన్నీ పొడుం సేసీదాన్ని. బావు పొమ్మన్నాడు. పిన్ని ఆ దీర్ఘమే తీసింది, మర్నాడు నిజంగానే రాలేదు. మా వరసలో ఆడోళ్ళెవులూ రాలేదు. బావు మా ఊరు జలంత్రకోట వచ్చి ఇద్దర్నీ కారెక్కించుకెళ్ళాడు."

మర్నాడు దాలమ్మ వచ్చేసరికి మెట్టుమీద ఇంకెవరో కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆవిడకంటే ముందొచ్చినవాళ్ళు లేరు.

"ఏటమ్మాయ్, నిద్దర్రాలేదేటి?"

"ఆఖరిరోజు కదా పిన్నీ, పని బాగా చేద్దామని. రేపట్నుంచి నేను రాను," అంది యామిని.

దాలమ్మ నోట్లో చుట్ట తిరగబడి నిప్పు బైటికొచ్చింది. దాన్ని మళ్ళీ లోపలికి సర్దుకుని, పక్కన చతికిలబడింది.

"రోజూ సెప్పుకో. దీర్ఘం మాత్రం తియ్యకు. అది ఎవులికైనా అవసరమొచ్చినప్పుడే."