అమ్మ మోకాలికి నేను తెచ్చిన గండం

ఆపరేషన్ గది గుమ్మం దాకా వెళ్ళిన మా అమ్మను ఒక్క మాటతో అక్కడే ఆపేయించిన ఘనుణ్ణి నేను. వినండి, నవ్వండి. సిగ్గుపడడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది.

మాది బెంగాల్‌లోని మెటియాబ్రుజ్ పేట. శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చిన కుటుంబం. అమ్మ మోకాలు అరిగిపోయింది, కీలు మార్చాల్సిందే అన్నారు. ఇంకేం, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే నేను వారం రోజులు ఫోన్లో చదివి ముప్పావు డాక్టర్నైపోయాను.

ఆపరేషన్ రోజు ఉదయం ఆసుపత్రిలో నర్సు దీదీ బెంగాలీలో అడిగింది. "కోతకు ముందు యాంటీబయాటిక్ ఇస్తాం. పెన్సిలిన్ లాంటివేమైనా పడవా?"

అమ్మకు నాకంటే మంచి బెంగాలీ వచ్చు. జవాబు చెప్పబోయింది.

"నువ్వుండమ్మా!" అని ఒక్క గెంతు గెంతాను. "పెన్సిలినా! అస్సలు పడదు దీదీ! నాకు ఐదేళ్ళప్పుడు మా వీధి డాక్టరు సూది వెయ్యగానే అమ్మ దబ్బున పడిపోయింది. నా కళ్ళతో చూశాను!"

దీదీ పరుగెత్తింది. సర్జన్ వచ్చాడు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. అమ్మ ప్రాణం కాపాడుతున్నాను కదండీ మరి!

"దద్దుర్లు వచ్చాయా?"

"ఒళ్ళంతా, డాక్టర్‌బాబూ! ఒక్కొక్కటి రసగుల్లా అంత!"

"ఒరే..." అంది అమ్మ.

"నువ్వుండమ్మా!"

సర్జన్ ముఖం ముడుచుకుంది. "మేమిచ్చే మందు పెన్సిలిన్‌కి చుట్టం లాంటిది. ఈ ఆపరేషన్‌లో క్రిముల్ని ఆపడానికి అదే మేలు. వేరేది వాడితే రక్షణ తగ్గొచ్చు. కొత్త కీలుకి చీము పట్టిందంటే మళ్ళీ కొయ్యాల్సి రావచ్చు. సంగతి తేలేదాకా మొదలుపెట్టను."

అప్పుడు పట్టాయి నాకు చెమటలు. సర్జన్ నన్ను పక్కకి జరిపి అమ్మనే అడిగాడు.

అమ్మ ఆయనకి బెంగాలీలో అంతా చెప్పి, నావైపు తిరిగింది. "ఏట్రా, ఆ రోజు సూది ఏయించుకున్నది నానేటి? నువ్వు! దద్దుర్లూ నీకే. నీ ఒళ్ళు సూసి నాకు కళ్ళు తిరిగి పడిపోనాను. ఆ మందు నాకు ఎన్నిసార్లు ఏసినారో, ఏటీ అవనేదు."

"మరి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"ఎప్పుడు సెప్పనిచ్చినావురా?"

దీదీ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. సర్జన్ మాత్రం నవ్వలేదు. "దాదా, పరీక్ష చేయించుకోవలసింది మీరు" అన్నాడు.

ఇంజెక్షన్ పడింది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. గాయం శుభ్రంగా మానింది.

ఇకపై ఏ ఆసుపత్రిలోనూ అమ్మ తరఫున ఒక్క ముక్క మాట్లాడనని, ఆమె కొత్త మోకాలి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టబోయాను. అమ్మ చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది. ఎంత బాగా వంగిందనుకున్నారు!