సుజాత ఎమ్మెస్సీని నేను చెరిపేసిన వైనం

ఒక మనిషి ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించిన డిగ్రీని ఐదు నిమిషాల్లో మాయం చేయడం సామాన్యుల వల్ల కాదు. నేను చేశాను. అదీ తలస్నానం చేసి, దీపం పెట్టుకుని, పరమ సదుద్దేశంతో చేశాను. ఆ ఘోరమేమిటో చెబుతాను, వినండి.

అప్పట్లో దుబాయ్ కరామాలో ఒకే ఫ్లాట్‌ను మేమూ, వరంగల్ నుంచి వచ్చిన సుజాత దంపతులూ పంచుకునేవాళ్ళం. వంటిల్లు ఒకటే, హాల్లో కంప్యూటరూ ఒకటే. నేను బడి మొహం చూడలేదు. చదువూ సంగీతమూ అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. నాకు కంప్యూటర్ నేర్పింది సుజాతే. ఆ పిల్ల కెమిస్ట్రీ టీచరు ఉద్యోగానికి ఒక స్కూలు వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టి, ఫోన్‌ను చంటిబిడ్డలా చంకనేసుకు తిరుగుతోంది. ఏడాదిగా వెతుకులాట. ఇదీ రాకపోతే ఇంటికి వెళ్ళిపోతానని సూట్‌కేసు కిందికి దించింది కూడా.

పాస్‌వర్డ్‌ల దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు.

"అక్కా, బ్రౌజర్ల పాస్‌వర్డ్‌లు పెట్టుడు మంచిగ లేదు. అందరం గిదే కంప్యూటర్ వాడ్తున్నం. పాస్‌వర్డ్‌ల కోసమే విడిగ సాఫ్ట్‌వేర్ ఉంటది. దానికొక్కటే తాళం, అది మనకే తెల్వాలె."

"మళ్ళీ ఇంకోటెందుకమ్మా? ఈ బ్రౌజర్ చూడు, 'గుర్తుపెట్టుకోమంటారా?' అని ఎంత మర్యాదగా అడుగుతుందో! మా ఆయన ఏనాడైనా అలా అడిగారా?"

ఇంతలో అదే స్కూలుకు సంగీతం టీచరు కావాలని తెలిసింది. డిగ్రీ అక్కర్లేదట. ఒక ఉదయం పూజ ముగించి వెబ్‌సైట్ తెరిచాను. చూస్తే పేరూ, పాస్‌వర్డూ రాయాల్సిన రెండు గళ్ళూ అప్పటికే నిండి ఉన్నాయి! పై గడిలో ఏముందో చదవలేదు. వరమిచ్చే దేవుణ్ణి వివరాలు అడుగుతామా? దండం పెట్టుకుని నొక్కేశాను. అది నన్ను తిన్నగా విద్యార్హతల పేజీలో దింపింది. అక్కడ ఎమ్మెస్సీ, బీఎడ్!

నా మీద అభిమానం కొద్దీ కంప్యూటర్ నాకు డిగ్రీలు కట్టబెట్టేసింది! అబద్ధమాడి పిల్లలకు పాఠాలెలా చెప్పను? రెండూ తీసేసి, "ఇంటి చదువు. గురువు: అమ్మ. ఇతర నైపుణ్యం: ఆవకాయ" అని నిజం రాసి పంపించాను. మనసు దూదిపింజలా తేలిపోయింది.

మర్నాడు సుజాత ఫోన్ మోగింది. స్కూలు గుమస్తా, హైదరాబాద్ మనిషి.

"మేడమ్, ఇంటర్వ్యూకి పిలుద్దామని మీ ఫైలు తీసినం. నిన్న ఎమ్మెస్సీ ఉండె, ఇయ్యాల ఆవకాయ ఉంది. ల్యాబుల జాడీలు పెడ్తరా ఏంది?"

సుజాత నావైపు తిరిగింది. "అక్కా, నా ఎమ్మెస్సీ ఏడ వోయింది?"

"అది... నీదా అమ్మా?" ఆ పిల్ల దరఖాస్తు పెట్టిన రోజు, బ్రౌజర్ మర్యాదగా అడిగితే 'గుర్తుపెట్టుకో' అని నొక్కింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది.

"ఖలాస్! నా నౌకరీ ఖలాస్!" అని కూలబడిపోయింది.

అసలు సర్టిఫికెట్లు పట్టుకుని, ఇద్దరం మెట్రో ఎక్కి స్కూలుకు పరుగెత్తాం. నాకొచ్చిన వంటింటి హిందీలో ప్రిన్సిపాల్ గారి ముందు నేరం ఒప్పుకున్నాను. "అబద్ధం ఉండకూడదని నేనే తీసేశానండీ. దయచేసి ఈ పిల్లకు శిక్ష వేయకండి."

ఆవిడ సర్టిఫికెట్లు తిరగేసి, కళ్ళజోడు తీసి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "లేని డిగ్రీలు చేర్చేవాళ్ళను చాలామందిని చూశాను. ఉన్న డిగ్రీని తీసేసినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా!"

ఇంటర్వ్యూ అక్కడికక్కడే జరిగింది. ఉద్యోగం సుజాతకు వచ్చింది. దేవుడి దయ, ప్రిన్సిపాల్ గారి సహనం.

ఆ సాయంత్రమే సుజాత నాకు ఆ విడి సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చింది. దాన్ని చూస్తే ఇప్పటికీ ముచ్చటే. బ్రౌజర్‌ది పెళ్ళిలో వడ్డించేవాడి చెయ్యి: ఎవరి విస్తరో చూడదు, నింపేస్తుంది. ఇదో, నా తాళం చెబితే తప్ప నన్నే లోపలికి రానివ్వదు. బ్రౌజర్‌ను తప్పుపట్టను లెండి. అందులోనూ ఎవరి ప్రొఫైల్ వాళ్ళు పెట్టుకోవచ్చని తర్వాత తెలిసింది.

అందుచేత, దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ కంప్యూటరైనా నన్ను ఎమ్మెస్సీని చేస్తే, డాక్టరేట్ ఇచ్చినా సరే, ముందు అది ఎవరిదో కనుక్కుంటాను. ఎవరిదీ కాదంటే మాత్రం తీసెయ్యను, ఉంచేసుకుంటాను.