వదిన పట్టుకున్న చిటికెనవేలు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగానో లేదో, కొత్తగా తెరిచిన ఫోన్ల దుకాణం ముందు మనిషెత్తు సౌండ్ బాక్సులు మోగిస్తూ, దారినపోయేవాళ్ల చేతుల్లో కాగితాలు పెడుతున్నారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు గానీ, అది పట్టుకున్న చెయ్యి నాదిగా నాకు అనిపించలేదు. ఎన్నో ఏళ్లకు మళ్లీ ఆ పాత స్థితి. గోడవారకు జరిగి, ఎడమచేతి చిటికెనవేలు గట్టిగా పట్టుకుని, నా ఊపిరి నాకు వినపడేదాకా నిలబడ్డాను. అలా పట్టుకోవడం నేర్పిన మనిషిని తలుచుకోకూడదనే అనుకున్నాను, కుదరలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగిన ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మేము నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా సంఘం ఎల్‌.బి.నగర్ రోడ్డు పక్కన రేకుల హాలునే చర్చిగా చేసుకుని కూడుకునేది. సగం మంది మావైపువాళ్లు, సగం మంది కోస్తావాళ్లు, అందరం ఒకే చాపల మీద. బైబిలు వాక్యం వినడమంటే నాకు చిన్ననాటి నుంచీ ప్రాణం. కానీ ఆ రేకుల కింద డ్రమ్ములు, తాళాలు, మైకులో హల్లెలూయలు కలిసి పైకి లేచేసరికి, చప్పుడు నా ఒంట్లోకి దూరి నన్ను బయటికి నెట్టేసినట్టయ్యేది. చప్పట్లు కొడుతున్న నా చేతుల్ని నేనే పక్కనుంచి చూస్తున్నట్టుండేది. ఎవరికైనా చెబితే దయ్యమని తలమీద చేతులుంచి, ఇంకా గట్టిగా అరిచి ప్రార్థిస్తారని భయం.

ఒక్క వదినకే చెప్పాను. పాస్టరుగారికి కుడిభుజంలాంటి సంఘపెద్ద గారి భార్య, గుంటూరు వైపు మనిషి. చుట్టరికం లేకపోయినా నాకు వదినే. ఆమె నవ్వలేదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోటికి ఆనుకుని నాకో చోటు చూపించి, పక్కన తానూ కూర్చుని, నేను బిగుసుకుపోగానే నా చిటికెనవేలు పట్టి నొక్కి, "ఇక్కడే ఉన్నావమ్మా, నా పక్కనే ఉన్నావు" అనేది. మెల్లగా నాలోకి నేను వచ్చేదాన్ని. దేవుడే ఆమె చేత నా వేలు పట్టించాడని నమ్మాను.

ఒక ఆదివారం వదిన ఏదో పనిమీద ముందు వరసలో కూర్చుంది. బయట తెలంగాణ ఊరేగింపు వచ్చింది, డప్పులతో, నినాదాలతో. పాట వినపడడం లేదని లోపల మావాళ్లు బాక్సులు పెంచారు. ఆ రెండు చప్పుళ్ల మధ్య నేను లేకుండా పోయాను. కాళ్లు వాటంతటవే లేచి బయటికి నడిచాయి. రోడ్డువార నిలబడ్డ నన్ను చూసి ఊరేగింపులో ఒకామె, "ఏందక్కా, గట్ల బొమ్మ లెక్క నిలబడ్డవ్? జర గిది పట్టు, నీళ్లు తాగుత" అని జెండా కర్ర నా చేతిలో పెట్టింది. ఆరాధన ముగిసి బయటికొచ్చిన సంఘానికి నేను కనపడింది అలాగే.

అప్పటికే చాపల మీద మావైపువాళ్లు ఒక పక్క, కోస్తావాళ్లు ఒక పక్క కూర్చోవడం మొదలైంది. పాస్టరుగారు అందరి ముందే, "ఏం సిస్టర్, ఆరాధన కంటే జెండా ఎక్కువైపోయిందా మీకు?" అన్నారు. వెనక నుంచి ఎవరో, "రేపు ప్రత్యేక సంఘం కూడా అడుగుతారండీ" అంటే కొందరు నవ్వారు.

"చప్పుడుకు నాకు నేనే తెల్వకుండ పోతది అయ్యగారూ, వదిననడుగుండ్రి" అన్నాను.

అందరూ వదిన వైపు తిరిగారు. ఆమె భర్త పక్కనే ఉన్నాడు. వదిన కొంగు సర్దుకుని, "నాకేం తెలుసండీ? ఎవరి మనసులో ఏముందో ప్రభువుకే తెలియాలి" అంది.

మా సంఘంలో తప్పు చేశారని తేల్చినవాళ్లను రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టేవారు. బల్ల ఇచ్చే ఆదివారం, రొట్టె పళ్లెం నా ముందు ఆగకుండా పక్కామెకు పోయింది. పట్టుకొస్తున్నది వదిన భర్తే. హాలంతా నిశ్శబ్దంగా ఉంది, ఏ చప్పుడూ లేదు, అయినా ఒడిలో ఉన్న చేతులు నావి కాకుండా పోయాయి. వదిన వెనక్కి తిరిగి చూడలేదు. మళ్లీ నేనక్కడికి పోలేదు.

రాష్ట్రం వచ్చింది. రేకుల హాలు చోట అంతస్తుల భవనం లేచింది. వదినవాళ్లు బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారని విన్నాను. మైకు లేని ఓ చిన్న సంఘంలో నేను బల్ల తీసుకుంటూనే ఉన్నాను. ప్రభువు మీద నాకే కోపమూ లేదు. వదినను క్షమించానని మాత్రం మోకాళ్ల మీద ఎన్నిసార్లు చెప్పినా, ఆ మాట పెదవులు దాటి లోపలికి పోదు. ఇప్పుడు నా వేలు నేనే పట్టుకుంటాను. కానీ ఆ గోడవార నిలబడి, ఇక్కడే ఉన్నావమ్మా అని నాకు నేను చెప్పుకోబోతే, లోపల పలికింది వదిన గొంతే. ఆ గొంతు పట్టుకునే నాలోకి నేను తిరిగి వచ్చాను.