చార్టు వెనక రాయని మాట

మా చిన్నప్పుడు గొప్ప గొప్ప ఆడవాళ్లంతా మా ఇంటికి చార్టు మీద వచ్చేవాళ్లు...

సూర్యాపేట బస్టాండు దగ్గర పుస్తకాల షాపులో దొరికేది ఆ చార్టు. ముందువైపు తపాలా బిళ్లంత బొమ్మలు, వెనకవైపు ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు. బొమ్మ కత్తిరించి ప్రాజెక్టు పుస్తకంలో అంటిస్తే వెనకున్న కథ గమ్ము పాలే. అందుకే అంటించే ముందు తనకు చదివి వినిపించాలని అమ్మ షరతు.

అమ్మకు చదువు రాదు. చాటలో బియ్యం ఏరుకుంటూ వినేది. ఒంటరిగా విమానంలో సముద్రం దాటినావిడ, ప్రయోగశాలలో ఏళ్లకేళ్లు గడిపినావిడ, దేశాన్ని ఏలినావిడ... ఎవరి గురించి చదివినా చివర్లో ఒక్కటే అడిగేది.

"ఆమె గట్ల పోతే పిల్లలను ఎవరు సూసుకున్నరు బిడ్డా?"

నేను కాగితం తిప్పి తిప్పి చూసేదాన్ని. ఎక్కడా ఉండేది కాదు. విసుగొచ్చేది నాకు.

"అవన్నీ రాయరమ్మా. గొప్ప పనులే రాస్తరు."

అమ్మ ఊరుకునే రకమా! మర్నాడు ఇంకో బొమ్మకు మళ్లీ అదే అడిగేది.

ఇప్పుడు నేను దామరచర్ల వైపు వ్యవసాయ అధికారిని. వారమంతా మిర్యాలగూడలో కిరాయి ఇల్లు. మా ఆయనకు హైదరాబాద్‌లో డ్యూటీ. పాప మాత్రం పాలు మరిచిన నాటి నుంచి సూర్యాపేటలో మా అమ్మ దగ్గరే... జడ వేసేది అమ్మ, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకెళ్లేది అమ్మ, బడిలో మీటింగు అంటే మంచి చీర కట్టుకుని పోయేదీ అమ్మే.

మొన్న మహిళా దినోత్సవానికి పాప బడిలో చార్టు చేశారు. ప్రపంచంలోని గొప్పవాళ్ల పక్కన మన ఊరి ఆడవాళ్లనూ పెడతారట. టీచరమ్మ ఫోన్ చేసి నా గురించి నాలుగు ముక్కలు అడిగింది. చెప్పాను... పేదింట్లో పుట్టాను, చదువుకున్నాను, ఉద్యోగం సాధించాను, రైతుల వెంట పొలాల్లో తిరుగుతున్నాను. ఎవరి సాయం లేకుండా పైకొచ్చానని కూడా అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోట్లోంచి!

శనివారం ఇల్లు చేరేసరికి పాప ఆ ముక్కల జిరాక్సు పట్టుకుని అమ్మకు చదివి వినిపిస్తోంది. అమ్మ చేతిలో చాట. నేను గడపలోనే ఆగిపోయాను... ఇగ అడుగుతుంది అనుకున్నాను. అడిగితే బాగుండుననీ అనుకున్నాను. అడిగితే అక్కడికక్కడే తప్పు ఒప్పుకునేదాన్ని.

అమ్మ అడగలేదు.

"మంచిగ రాసిండ్రు" అని బియ్యం కడగడానికి లేచింది.

సిగ్గుతో చచ్చిపోయాను. టీచరమ్మకు ఫోన్ చేసి ఒక్క మాట చేర్చమన్నాను. చార్టు అప్పుడే గోడకు అంటించేశామండీ అంది.

ఆ బొమ్మల చార్టులు కొనేవాళ్లు ఇప్పుడెవరున్నారు... అన్నీ ఫోన్లలోనే. నాలుగు ముక్కలు మాత్రం ఇంకా అలాగే రాస్తున్నాం. మీరు పనికి పోతే మీ పిల్లలను ఎవరు చూసుకున్నారో ఈ పోస్టు కింద రాయండి, పేరుతో సహా.

ముందు నేను... నా బిడ్డను చూసుకున్నది మా అమ్మ. పేరు సైదమ్మ.