చెక్కకు అమ్మవారు పోసిన వేసవి

ఆ రోజుల్లో మనిషికి ఏం వచ్చినా వేడి వల్లే వచ్చేది. కళ్ళు మండితే వేడి, కడుపు నొప్పెడితే వేడి, కోడలు ఎదురు మాట్లాడితే ఒంట్లో వేడెక్కి మాట్లాడిందనేవారు. (నాకు ఆ రకం వేడి ఎప్పుడూ చెయ్యలేదు. అత్తింట్లో నేను నోరు తెరిస్తే కదా!) ఇప్పుడు మా మనవలు ఒంట్లో కాస్త నలతగా ఉంటే నోరు తిరగని పేర్లు చెబుతారు. మేము ఒక్క మాటతో ఎంత సుఖంగా బతికేశామో అనిపిస్తుంది. అయితే ఆ మాటే ఒక ఏడాది నన్ను ఖరగ్‌పూర్‌లో కట్టిపడేసి, పుట్టింటి గుమ్మం తొక్కకుండా ఆపబోయింది. అదీ మనిషికి చేసిన వేడి కాదు, చెక్కకు చేసిన వేడి.

శ్రీకాకుళం పక్క పల్లెనుంచి పెళ్ళై వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టరు, ఒక గది, ఒక వరండా, వెనక చిన్న పెరడు. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు, మరిది ఊరి పక్క హిజ్లీలోని ఇంజనీరింగు కాలేజీలో ఏదో లేబరేటరీలో సామాన్లు అందించే పని. ఇంటికి పెద్ద మా అత్తగారు. ఆవిడ చెడ్డదేం కాదు, కానీ ఆవిడ కళ్ళముందు నేను ఊరికే కూర్చుంటే ఆవిడకు ఊపిరాడేది కాదు. ఆషాఢం కోసం నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారితో కలిసి ఒకే గడప దాటకూడదు కాబట్టి నెల్లాళ్ళు పుట్టింటికి పంపాల్సిందే. మా ఆయన అప్పటికే రైల్వే పాసు తెచ్చి నా పెట్టెలో పెట్టారు. దానిమీద రాసింది చదవడం అప్పట్లో నాకు రాదు, అయినా రోజూ మధ్యాహ్నం తీసి చూసుకుని మళ్ళీ పెట్టేదాన్ని.

అలా ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం మా మరిది రిక్షాలో అడ్డంగా ఒక పొడవాటి తెల్లటి వస్తువు వేసుకుని, తాను పక్కన నడుచుకుంటూ వచ్చాడు. మనిషికంటే పొడుగు, ముందు కొస మొనదేలి, వెనక అడుగున చేప రెక్కలాంటిది ఒకటి. కాలేజీకి చదువుకోడానికి వచ్చిన ఎర్రజుట్టు దొరబాబుదట. (ఏ దేశమో మరిది ఒకటి చెప్పాడు, మా ఆయన మరొకటి చెప్పారు, నేను రెండూ నమ్మాను.) సెలవులకు కొండల మీదికి పోతూ, హాస్టల్లో తన గది పైకప్పు కింద పెనంలా కాలుతోందని, చల్లటి చోట దాచిపెట్టమని దీన్ని మరిదికి అప్పగించాడట.

"ఏట్రా ఇది?" అంది అత్తగారు.

"సముద్రం మీద నిలబడే సెక్కమ్మా. అలొస్తే దీనిమీద లేసి నిలబడతారంట."

"నిలబడి ఎక్కడికెల్తారు?"

"ఎక్కడికీ ఎల్లరు. ఒడ్డుకే వొచ్చీస్తారు."

"ఒడ్డుకే వొచ్చీసినోడు ఎల్లడమెందుకేటి మరి?"

మరిది రిక్షావాడికి డబ్బులిచ్చే పనిలో పడ్డాడు. మా ఆయన మాత్రం అది దొరలు బట్టలు ఇస్త్రీ చేసుకునే బల్లేనని తేల్చేశారు. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ వచ్చి చెంపన చెయ్యి పెట్టుకుని, "ఓ మా! ఎంత పెద్ద పీఁడీ!" అంది. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి మోసే పీట అనుకుంది పాపం. ఎత్తి చూద్దును కదా, అది చెక్కే కాదు, అప్పడాల బుట్టంత తేలిక! లోపల గట్టిపడిన నురుగు, దానిమీద గాజు పీచు బట్ట, ఆ బట్టను ఎపాక్సీ అనే జిగురుతో అంటించారని మరిది చెప్పాడు. "వేడి తగల్నీకండి. వేడెక్కితే లోపల గాలి ఉబ్బి, పైన తోలు కండనొదిలి లేసిపోద్దంట," అని దొర మాటను తన మాటలో పెట్టాడు. ఆ 'తోలు', 'కండ' అన్న మాటలే తర్వాత మా కొంప ముంచాయి.

"పిల్లా, పరాయోల సొత్తు. పూసీ నీది," అని అత్తగారు దాన్ని నాకు అప్పజెప్పింది. ఆ ఇంట్లో నాకంటూ అప్పజెప్పిన మొదటి వస్తువు అదే. కుంపటికి దూరంగా, ఎండ పడని లోపలి గోడకు ఆనించాను. మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక విసనకర్రతో నాకో విసురు, దానికో విసురు. విసురుతూ విసురుతూ మాటలు మొదలయ్యాయి. మా అమ్మ చేసే చేపల పులుసు, మా చెల్లెలి అలకలు, మా ఊళ్ళో ఎవరి ఆవు ఎవరి చేలో పడిందో అన్నీ దానికి చెప్పేదాన్ని. ఆ ఇంట్లో నాకు పని చెప్పనిది అదొక్కటే మరి.

జ్యేష్ఠం చివర్లో రైల్వే వాళ్ళు క్వార్టర్లకు సున్నం వెయ్యడానికి వచ్చారు. సామానంతా పెరట్లో పెట్టాల్సిందే. చెక్కను ఎక్కడ పెట్టాలో తోచక నేను దిక్కులు చూస్తుంటే, మా ఆయన వర్క్‌షాపునుంచి ఒక నల్ల టార్పాలిన్ తెచ్చి, దానికి నిండా చుట్టి, తాళ్ళతో బిగించి కట్టారు. "సూడు, ఎండ సుక్క కూడా తగల్దు," అన్నారు గర్వంగా. నేనూ ఆహా, ఎంత తెలివని మురిసిపోయాను. సాయంత్రం విప్పేసరికి చెక్క నడుమ అరచేతి వెడల్పున పూరీలాగా పొంగి ఉంది. నొక్కితే దిగుతోంది, వదిలితే లేస్తోంది. చెయ్యి వేస్తే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా కాలిపోతోంది.

అత్తగారు వచ్చి చూసి, చటుక్కున చెంపలు వేసుకుంది. "తల్లీ! మా ఇంటికి వొచ్చీసినావా!"

"అమ్మా, సెక్కకి అమ్మవారేటి?" అన్నారు మా ఆయన.

"సెక్కని ఎవులన్నారు? తోలుంది, తోలు కింద కండుందని నీ తమ్ముడే సెప్పినాడు. వేడి తగిలిందా లేదా? పొక్కు లేసిందా లేదా? ఇంకేటి కావాలి నీకు?"

మా ఆయన కాసేపు ఆలోచించి, నిజమే కదా అన్నట్టు తలూపారు. నేనూ ఊపాను. దీదీ గోడ మీదుగా తొంగిచూసి, "మాయేర్ దయా!" అని దండం పెట్టింది. బెంగాలీ వాళ్ళు అమ్మవారు పోయడాన్ని అలాగే, అమ్మ దయ అంటారు. అక్కడితో అనుమానం పూర్తిగా తీరిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. చెక్కను నులకమంచం మీద పడుకోబెట్టి, పసుపునీళ్ళు చల్లి, తడిపిన పాత తెల్ల పంచె కప్పారు. ఇంట్లో తాలింపు బంద్, వేపుళ్ళు బంద్. కుంపటి పెరట్లోకి పోయింది. దీదీ రోజూ ఒక గిన్నెలో చద్దన్నం తెచ్చి, "శీతలా మాతకు చల్లనిదే పెట్టాలి మాసీమా," అని పిన్నిగారి వరస కలిపి అత్తగారికిచ్చి మంచం పక్కన పెట్టించేది. మొత్తానికి రోగి చల్లగానే ఉంది. వేడంతా మా కడుపుల్లోనే.

అయితే అసలు దెబ్బ నాకు తగిలింది. అమ్మవారున్న ఇంటినుంచి, పొక్కు అణిగి రోగికి వేపాకుతో మూడు నీళ్ళు పోసేదాకా ఎవరూ ఊరు దాటకూడదు. (వర్క్‌షాపు సైరన్ ఈ మాట వినదు కాబట్టి మగవాళ్ళు డ్యూటీకి పోవచ్చు.) ఆషాఢం వచ్చేసింది. ఒక ఆచారం నన్ను పొమ్మంటోంది, ఇంకో ఆచారం కదలొద్దంటోంది. అత్తగారు రెండు రోజులు తల పట్టుకుని, చివరికి తీర్పు చెప్పింది. "నువ్వు పెరటి గుమ్మంలోంచి రా, పో. నాను వీధి గుమ్మంలోంచి వొత్తాను, పోతాను. ఒకే గడప దాటినట్టవదు." అలా ఒకే గదిలో మేమిద్దరం రెండు దారుల్లో కాపురం చేశాం. పెరట్లో ఉన్న నాకు ఉప్పు కావాలంటే ఆవిడ వీధిలోకి దిగి, క్వార్టర్ల వరస చుట్టి వచ్చి అందించేది. లోపల మంచం మీద చెక్క హాయిగా పడుకుని ఉండేది. పాసు గడువు దగ్గర పడుతోందని మా ఆయన అన్న రోజున నేను దాని పక్కన కూర్చుని, "నీకు తగ్గితే గాని నాకు బండి లేదే తల్లీ," అని ఏడ్చాను.

గడువు రేపటితో ముగుస్తుందనగా పొద్దున్నే మరిది వెంట ఎర్రజుట్టు బాబు వచ్చాడు. వేపమండల కింద తలవంచి లోపలికొచ్చి, పసుపు పూసుకుని తడిపంచె కప్పుకుని పడుకున్న తన చెక్కను చూసి, మా అందరి మొహాలు చూసి, మళ్ళీ చెక్కను చూశాడు. ఎవరైనా చనిపోయారేమో అనుకున్నట్టు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మరిది అంతా చెప్పాడు. ఏం చెప్పాడో, ఆ బాబుకు ఏం అర్థమైందో ఇప్పటికీ తెలియదు. అతను వేలితో పొక్కు చుట్టూ తట్టి చెవి పెట్టి విన్నాడు. నల్ల టార్పాలిన్ చూపించగానే అయ్యో అని నుదురు కొట్టుకున్నాడు.

"నలుపు ఎండని తాగీస్తాదంట వదినా, అందుకే సెక్కకి తెల్లరంగేసినారంట. అన్నయ్య దాన్ని ఇడ్లీలాగ ఉడకబెట్టీసినాడు," అన్నాడు మరిది. "నీడా, తడిబట్టా మంచిదేనంట. కానీ అది ముందు సెయ్యాల. లేసిన తోలు దానంతటది అతుక్కోదంట."

"అణిగింది కదరా మరి!" అంది అత్తగారు. నిజంగానే చల్లదనానికి పొంగు దిగిపోయింది. కానీ నొక్కితే లోపల డొల్లగా తెలుస్తోంది.

బాబు సంచిలోంచి రెండు డబ్బాలు తీసి జిగురు కలిపి, సూది ఉన్న ఇంజక్షన్ గొట్టం బయటికి తీశాడు. అత్తగారు ఒక్క ఉరుకున మంచానికి అడ్డం నిలబడింది. "అమ్మవారున్నప్పుడు సూదేటి! తల్లికి కోపమొస్తే ఇంటిల్లిపాదికీ పోసీస్తాది! మూడు నీల్లూ అవ్వాల!"

బాబు రెండు చేతులూ పైకెత్తాడు. కలిపిన జిగురు గట్టిపడిపోతోందట. అందరం దీదీ వైపు చూశాం. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మనిషికైతే రోజుకో స్నానం మాసీమా. దీనికి రక్తం లేదు కదా, గంటకొకటి చాలు," అంది. అత్తగారు శీతలమ్మకు, మా ఊరి అమ్మవారికి విడివిడిగా దండాలు పెట్టుకుని ఒప్పుకుంది. జిగురు ఎలాగూ పాడైందని బాబే చెంబు అందుకుని వేపాకు నీళ్ళు మూడుసార్లు పోశాడు. ఆరబెట్టి, కొత్త జిగురు కలిపి, అంచున ఒక సన్నటి కంత చేసి సూదితో ఎక్కించాడు. పైన కాగితం పరిచి, బరువు కోసం అత్తగారి సన్నికల్లు పెట్టాడు. పసుపు మరక మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం బండికే నన్ను ఎక్కించారు. మర్నాడు మా ఊరు చేరి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, అమ్మ నా గడ్డం పట్టుకుని, "అల్లుడు బాగున్నాడేటే?" అని అడిగింది.

"వేడి తగ్గిందమ్మా. పొక్కు అణిగింది. మచ్చే ఉండిపోద్ది," అన్నాను.

అమ్మ గుండెలు బాదుకుంటే గాని నేనెవరి సంగతి చెబుతున్నానో నాకు తెలియలేదు.

శ్రావణంలో తిరిగి వచ్చేసరికి గోడ దగ్గర ఖాళీ. తీసుకుపోయేదాకా దాన్ని ఆనించిన చోట, కొత్త సున్నం మీద దాని ఆకారంలో పసుపు నీడొకటి మిగిలింది. ఆ బాబు మళ్ళీ సముద్రానికి పోయాడో, చెక్క తోలు గట్టిగా నిలిచిందో ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఎండలో ఏ వస్తువు కనిపించినా చెయ్యి వేసి చూసి, నీడకు జరుపుతాను. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుకుంటాను, మిట్టమధ్యాహ్నం ఒక చెక్కకు విసురుతూ వాళ్ళమ్మ చేపల పులుసు గురించి చెప్పుకుంటున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి. ఆ పిల్ల మాటలన్నీ ఆ నురుగులోకి ఇంకిపోయి, ఏ సముద్రం మీద నిలబడి, మళ్ళీ ఏ ఒడ్డుకు వచ్చేశాయో మరి.